చెవిటి పిల్లలకు జ్యామితి ఎందుకన్నారు

చెవిటి పిల్లల బడిలో లెక్కలు చెప్పడానికి కొత్తగా చేరబోతున్న వాళ్లకు ముందే ఒక సంగతి చెబుతాను. అక్కడ మీకు అడ్డం వచ్చేది చెవుడు కాదు, జాలి. మీరు చాక్‌పీసు పట్టుకున్న రోజు నుంచి దాన్ని కింద పెట్టే రోజు వరకు ఎవరో ఒకరు మీ పక్కన నిలబడి "పాపం" అంటూనే ఉంటారు. అలా అనేవాళ్లలో చాలామంది మంచివాళ్లే. వాళ్లతో పోట్లాడడం అందుకే కష్టం.

నేను రిటైరై కొంతకాలమే అయింది. ప్రమోషన్ల గురించీ ఇంక్రిమెంట్ల గురించీ రాసే ఓపిక నాకు లేదు. చదివే ఓపిక మీకూ ఉండదు. నేను పనిచేసింది చిత్తూరుకూ తిరుపతికీ మధ్య ఒక ఊళ్లో, ఒక ట్రస్టు నడిపిన హాస్టలు బడిలో. దాని పేరు చెప్పను. ఇలాంటివి ఆ ఒక్క బడిలోనే జరిగాయని నేననుకోవడం లేదు.

కోణం ఏది?

చేరిన రోజు హెడ్మాస్టరు మునిరత్నం సారు నన్ను వెంటబెట్టుకుని తరగతులన్నీ చూపించారు. నిజంగా మంచి మనిషి. హాస్టల్లో ఏ పిల్లకైనా జ్వరం వస్తే ఆస్పత్రిలో మంచం పక్కనే కూర్చునేవారు. ఎనిమిదో తరగతి గుమ్మం దగ్గర ఆగి నాతో అన్నారు.

"కూడికలు, తీసివేతలు, అంగట్లో చిల్లర లెక్కబెట్టుకునేది, ఇవి నేర్పమ్మా, చాలు. జ్యామితి జోలికి పోబాక. పాపం, వాళ్లకెందుకది?"

"పరీక్షలో వస్తుంది కదా సార్?"

"పరీక్ష సంగతి నేను సూసుకుంటా. ఏటా అందరూ పాసవతానే ఉండారు. నువ్వేం బెంగపెట్టుకోబాక."

ఆయన ఎలా చూసుకునేవారో అప్పుడు నాకు తెలియదు.

మర్నాడు ఆ తరగతి పిల్లల నోటుపుస్తకాలు తిరగేశాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. త్రిభుజంలోని మూడు కోణాల మొత్తం నూట ఎనభై డిగ్రీలని అందరూ పొందిగ్గా రాసుకున్నారు, కింద ఎర్ర సిరాతో గీత కూడా కొట్టారు. నాకు సంతోషమేసింది. బోర్డు మీద పెద్ద త్రిభుజం గీసి, పక్కన "కోణం" అని రాసి, అదేదో చూపించమని సైగ చేశాను. ముందు వరసలో కూర్చున్న ఒక అమ్మాయి గబగబా లేచి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. నేను రాసిన "కోణం" అనే మాట మీద వేలు పెట్టింది.

తరగతంతా అవునని తలూపింది. ఒక్కరు కూడా త్రిభుజం వైపు చూడలేదు.

ఆ పిల్లల లెక్కలో కోణమంటే బోర్డు మీద ఉండే మూడు గుర్తులు, అంతే. అన్నేళ్లుగా వాళ్లతో మాటలు రాయించారు కానీ, ఆ మాట దేన్ని చెబుతుందో ఒక్కరూ చూపించలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. జీతాలు తీసుకుని పిల్లల చేత బొమ్మలు గీయించినట్టు అక్షరాలు గీయించారు. దానికి చదువని పేరు పెట్టారు.

ఆ అమ్మాయి పేరు రేష్మ. వాళ్ల నాన్న ఖాదర్ బాషా చిత్తూరు చుట్టుపక్కల సంతల్లో రెడీమేడ్ బట్టలు అమ్ముతాడు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు. రెండూ ఆ పిల్లను చేరలేదు. తిను, రా, వద్దు, పడుకో. బడికొచ్చే నాటికి ఆమెకున్న భాష ఈ నాలుగు సైగలే.

మాటలు చేసుకున్నాం

వినే పిల్లవాడు బడికి ఉత్త చేతులతో రాడు. గుండ్రం, మూల, అడ్డం, నిలువు, వంకర, ఇవన్నీ ఇంట్లోనే, వీధిలోనే చెవిన పడి ఉంటాయి. మనం చేసేదల్లా ఆ మూలకు కోణమనీ, ఆ గుండ్రానికి వృత్తమనీ పేరు మార్చడమే. ఈ పిల్లలకు మూల అనే మాటే లేదు. పేరు మార్చడానికి పాత పేరంటూ ఉండాలి కదా.

వాళ్లకు ఉన్న భాష చేతులు. హాస్టలు వరండాలో సాయంత్రం పూట వాళ్లు మాట్లాడుకుంటుంటే చూడాలి. తగువులు, జోకులు, చాడీలు, అన్నీ చేతుల్లోనే. బడిలో పెద్దవాళ్లెవరికీ ఆ భాష రాదు. మునిరత్నం సారు అన్నేళ్లు హెడ్మాస్టరుగా చేశారు. ఆయనకు వచ్చిన సైగలు కూర్చో, లే, అన్నానికి పో. ఇంగ్లీషు ముక్క రాని మనిషిని ఇంగ్లీషు మీడియం బడికి పెద్దగా పెడితే ఊరంతా నవ్వుతుంది. ఇక్కడ ఎవరూ నవ్వలేదు. నేను ఆ వరండాలోనే చాప వేసుకుని కూర్చుని పిల్లల దగ్గర నేర్చుకున్నాను. మీరూ ముందు ఆ పని చేయండి. సిలబస్ ఎక్కడికీ పోదు.

మాటలకు అర్థం లేకుండా పోతే ఏమవుతుందో చెబుతాను. ఒక పరీక్షలో "వృత్తానికి వ్యాసం గీయండి" అని ఇచ్చాను. ఒక పిల్లవాడు చక్కగా పేజీ నిండా రాశాడు. "వృత్తము గుండ్రముగా ఉండును. వృత్తము మనకు ఎంతో ఉపయోగకరమైనది." తెలుగు తరగతిలో వాడికి వ్యాసమంటే అదే నేర్పారు. స్టాఫ్‌రూములో ఆ కాగితం చేతులు మారింది, అందరూ పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు. తనకు చెప్పిన ఒకే ఒక్క అర్థాన్ని పట్టుకుని వాడు నిజాయితీగా పని చేశాడు. తప్పు ఎవరిది?

ఇంకోరోజు లంబకోణ త్రిభుజంలో పెద్ద భుజం మీద "కర్ణం" అని రాశాను. రేష్మ చెయ్యెత్తింది. తన చెవి పట్టుకుని చూపించింది. ఆ వారమే తెలుగులో కర్ణమంటే చెవి అని పర్యాయపదాల్లో నేర్చుకుందట. "త్రిభుజానికి చెవి ఉందా? అది వింటుందా?" అని చేతులతో అడిగింది. తరగతి గొల్లుమంది. వాళ్ల నవ్వు చాలా పెద్దగా ఉంటుంది, పక్క గదుల్లోంచి తొంగి చూస్తారు. నేనూ నవ్వాను. తరవాత అందరం కూర్చుని దానికొక సైగ చేసుకున్నాం. ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ ఎల్ అక్షరంలా విప్పి, ఆ రెండు కొసల్నీ కలుపుతూ కుడిచేతి వేలు ఏటవాలుగా లాగాలి. అది కర్ణం. ఇంక దానికి చెవితో పనిలేదు.

అలా ఒక్కొక్కటే చేసుకున్నాం. పిడికిలి కేంద్రం. దాని చుట్టూ గాల్లో గీసిన వృత్తం అంచుదాకా పిడికిలి నుంచి వేలు వెళితే వ్యాసార్థం. ఈ అంచు నుంచి పిడికిలి మీదుగా ఆ అంచుకు వెళితే వ్యాసం. ఆ అంచును ఒక్కచోట తాకి ముందుకు సాగిపోతే స్పర్శరేఖ. ఈ సైగలు చాలావరకు పిల్లలవే. నేను తప్పు సైగ చేస్తే నా చెయ్యి పట్టుకుని సరిచేసేవాళ్లు.

లంబం దగ్గర చాలా రోజులు ఆగిపోయాం. ట్రస్టువాళ్లు గోడకు తగిలించిన రంగుల చార్టులో లంబం ఎప్పుడూ నిటారుగా నిలబడే ఉండేది. త్రిభుజం ఎప్పుడూ పీట మీద కూర్చున్నట్టే ఉండేది. దాంతో పిల్లలకు లంబమంటే నిలబడడమని స్థిరపడిపోయింది. ఏటవాలు గీతకు లంబం గీయమంటే రేష్మ ఒప్పుకోలేదు. "పడిపోతుంది" అంది. నేను నా ఎడమచేతిని అడ్డంగా, కుడిచేతిని దాని మీద నిటారుగా పెట్టి, రెండింటినీ కలిపి పక్కకు వంచాను. ఆమె తల కూడా అటే వంచి చూసింది. తన చేతులతో చేసి చూసుకుంది. ఇటు వంచింది, అటు వంచింది. మధ్యలో ఉన్న మూల మారలేదు. "పడలేదు!" అని బల్ల మీద దబదబా కొట్టింది. నేను ఆ చార్టు ఊడబీకి బీరువా వెనక పడేశాను.

ఆ రోజుల్లోనే ఒక పర్యవేక్షణాధికారి వచ్చాడు. మేం చేతులతో పాఠం చెప్పుకోవడం చూసి మండిపడ్డాడు.

"ఈ చేతులు తిప్పేది ఆపండి. పెదాలు చూసి నేర్చుకోవాల. సైగలు అలవాటైతే సోమరులైపోతారు."

"సరే సార్, నా పెదాలు చూసి చెప్పండి" అని, గొంతు బయటికి రాకుండా రెండు మాటలు పలికాను.

"రెండూ ఒకటే కదా?" అన్నాడాయన.

"ఒకటి కోణం, ఒకటి గోళం సార్. మీకు వినపడే చెవులుండి కూడా తేడా తెలియలేదు."

నాకు అధికారులంటే మర్యాద లేదని రాసి వెళ్లాడు. రాసుకోనీ.

మార్కులున్నాయి, చదువు లేదు

ఒకసారి అలిపిరి దగ్గర సామాన్లు భద్రపరిచే చోట మా బడిలో చదివిన సురేంద్ర కనిపించాడు. నేను చేరకముందే పది పాసయ్యాడు. బ్యాగులు అందుకుని టోకెన్లు ఇస్తున్నాడు. ఆ పనిలో తప్పేమీ లేదు. కానీ వాడు ఐటీఐలో ఫిట్టర్ కోర్సులో చేరి, కొన్ని వారాలకే బయటికి వచ్చేశాడని చేతులతో చెప్పాడు. డ్రాయింగు చూపిస్తే ఏదీ అర్థం కాలేదట. అక్కడి మాస్టరు వాడి పదో తరగతి మార్కులు చూసి, దొంగ సర్టిఫికెట్ తెచ్చావా అని అడిగాడట.

"మార్కులు నావే. కానీ నాకేం రాదు. ఎందుకు?" అని నన్నడిగాడు.

యాత్రికులు వెనక నుంచి తోస్తున్నారు. వాడు టోకెన్లు ఇస్తూనే మధ్య మధ్య నా మొహంలోకి చూస్తున్నాడు. నాకు జవాబు అప్పటికి తెలియదు. ఆ ఏడు పదో తరగతి పరీక్షలప్పుడు తెలిసింది.

పరీక్ష హాల్లో

రేష్మ పదో తరగతికి వచ్చింది. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి ఇళ్ల ప్లాన్లు గీయాలని ఆమె కోరిక. సీటు రావాలంటే ప్రవేశ పరీక్ష రాయాలి, అందులో లెక్కలే ముఖ్యం. ఆ ఏడాదంతా మేమిద్దరం కూర్చుని చేశాం. రేష్మ మేధావి అని నేను చెప్పను. బీజగణితంలో తడబడేది. జ్యామితిలో మాత్రం అర్థం కాని మాటను వదిలేది కాదు.

లెక్కల పరీక్ష రోజు లెక్కల టీచర్లను హాల్లోకి రానివ్వరు. నేను సెంటరు గేటు బయట వేపచెట్టు కింద నిలబడ్డాను. పిల్లలు బయటికి వచ్చారు. అందరూ నవ్వుకుంటూ వస్తున్నారు, రేష్మ ఒక్కతే ఏడుస్తోంది. ఏమైందని అడిగితే పక్కవాళ్లు చెప్పారు. "బోర్డు మీద రాశారు. మేం చూసి రాశాం. ఇది రాయలేదు."

ఏటా అందరూ ఎలా పాసవుతున్నారో అప్పుడు తెలిసింది. అలిపిరిలో సురేంద్ర అడిగినదానికి జవాబూ అదే.

రేష్మ ప్రశ్నపత్రం విప్పి జరిగింది చెప్పింది. ఒక వృత్తం వ్యాసం ఇచ్చారు. కేంద్రానికి ఇంత దూరమని చెప్పి, బయట ఉన్న ఒక బిందువు నుంచి స్పర్శరేఖ పొడవు కనుక్కోమన్నారు. ఆమె ఆ వ్యాసంలో సగం తీసుకుని, వ్యాసార్థం స్పర్శరేఖకు లంబం కాబట్టి లంబకోణ త్రిభుజం గీసి చేసింది. బోర్డు మీద రాసిన ఇన్విజిలేటరు వ్యాసాన్నే వ్యాసార్థంగా తీసుకున్నాడు. ఆయనది వేరే సబ్జెక్టు. రేష్మ బోర్డు చూడకుండా రాస్తుంటే, పాపం అర్థం కాలేదేమో అనుకుని వచ్చి, ఆమె జవాబు మీద అడ్డంగా గీత కొట్టి, బోర్డు వైపు చూపించాడు. ఆమె ప్రశ్నపత్రం మూలలో రాసి చూపించింది. "నేను రాసింది తప్పా?" ఆయన చదివి, భుజం తట్టి, మళ్లీ బోర్డే చూపించాడు.

ఆమె అదే లెక్కను కింద మళ్లీ మొదటి నుంచి చేసింది. దానికి పట్టిన సమయంలో చివరి నిర్మాణం వదిలేయాల్సి వచ్చింది.

ఒక పిల్ల తనకు తెలిసింది రాసుకుంటుంటే, తెలియని మనిషి వచ్చి దాన్ని కొట్టేసి భుజం తట్టాడు. ఇన్నేళ్ల ఉద్యోగంలో నాకు వచ్చిన కోపాలన్నీ ఒక ఎత్తు, ఆ భుజం తట్టడం ఒక ఎత్తు.

నేరుగా మునిరత్నం సారు గదికి వెళ్లాను.

"బోర్డు మీద రాయమని చెప్పింది మీరేనా సార్?"

"నేనే. ఏటా చెప్పేదే. ఏం, తప్పా? చెవుల్లేని పిల్లకాయలమ్మా. ఫెయిలయితే ఎవురికి మంచిది? నాకా, నీకా, వాళ్ల అమ్మానాయనలకా?"

"రేష్మ రాసింది కొట్టేశారు సార్. ఆమెదే కరెక్టు, బోర్డు మీదది తప్పు."

"ఒక లెక్క పోతే పోయిందిలే. మిగతావన్నీ వచ్చినాయి కదా."

"మీరు జాలిపడ్డ పిల్లల్లో ఎంతమందికి చదువొచ్చింది సార్? సురేంద్ర బ్యాగులు మోస్తున్నాడు, తెలుసా?"

"మోస్తే ఏం? నాలుగు మెతుకులు తింటా ఉండాడు కదా. ఆ సర్టిఫికెట్టు కూడా లేకపోతే ఆ పనన్నా యాడొస్తాది? నువ్వు ఆ బిడ్డకు లేనిపోని పట్టుదల నేర్పించినావు. దానివల్లే ఏడస్తా ఉండాది, నావల్ల కాదు."

పరీక్షల అధికారులకు ఫిర్యాదు రాశాను. పంపితే ఆ గదిలో రాసిన పిల్లలందరి ఫలితాలూ ఆగిపోతాయి. ముందు రేష్మతో మాట్లాడాను. ఆమె చేతులు కదిపింది. "వాళ్లు దొంగలు కాదు. సారు రాయమన్నారు, రాశారు. వాళ్లను ఫెయిల్ చేయొద్దు." పంపలేదు. కానీ వచ్చే ఏడు ఇదే జరిగితే పరీక్షకు ముందే నా పేరుతోనే పంపుతానని హెడ్మాస్టరుకు చెప్పేశాను.

అబద్ధం కానిది

ఫలితాలు వచ్చాయి. లెక్కల్లో తరగతంతటికీ దాదాపు ఒకటే మార్కు, మంచి మార్కు. రేష్మది అందరికంటే తక్కువ. మధ్యాహ్నం ఖాదర్ బాషా సంత నుంచి బట్టల మూట భుజాన వేసుకునే నేరుగా బడికి వచ్చాడు. మూట కూడా దించలేదు.

"అందరి బిడ్డలకూ బాగొచ్చినాయి. నా బిడ్డకే తక్కువ. జ్యామితిలో అందరికంటే ముందుందని మీరే చెప్తిరి కదా టీచరమ్మా. అది అబద్ధమా?"

"అబద్ధం కాదు బాషా."

"మరి ఈ కాగితం అబద్ధమా?"

"ఆ తరగతి లెక్కల మార్కుల్లో అబద్ధం కానిది నీ బిడ్డదొక్కటే."

జరిగిందంతా చెప్పాను. మూట దించి దాని మీదే కూర్చున్నాడు.

"మీరు చెప్తే నాకు అర్థమవతా ఉండాది. మా వీధిలో వాళ్లకు ఎట్లా చెప్పేది? ఇంటింటికీ తిరిగి చెప్పాల్నా?"

నిజంగా చదివిన పిల్ల తండ్రి తలదించుకుని వెళ్లాడు. మిగతా తండ్రులు స్వీట్లు పంచారు. ఆ పిల్లల మీద నాకు కోపం లేదు, సురేంద్రకు ఎదురైన రోజే వాళ్లకూ ఎదురవుతుందని భయం మాత్రం ఉంది.

ప్రవేశ పరీక్షలో బోర్డు మీద రాసేవాళ్లెవరూ లేరు. రేష్మ తనంతట తానే రాసింది. తిరుపతిలో సివిల్ డిప్లొమాలో సీటు వచ్చింది. ఆ వారంలోనే మా బడి గేటుకు పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. రేష్మ ఫోటో, పక్కన మునిరత్నం సారు ఫోటో, కింద "మా కృషి ఫలితం" అని పెద్ద అక్షరాలు. నేను ఆ గేటులోంచి వెళ్లిన ప్రతిసారీ తల పక్కకు తిప్పుకున్నాను.

ఎవరు పాసయ్యేది?

మరుసటి ఏడు పరీక్షకు హెడ్మాస్టరు ఎవరికీ ఏమీ చెప్పలేదట. అయినా సెంటర్లో సోషల్ చెప్పే సారు ఒకాయన అలవాటు కొద్దీ తానే మొదలుపెట్టాడు. పరీక్ష అయ్యాక మా స్టాఫ్‌రూముకు వచ్చి నా మీద కేకలేశాడు.

"ఏంది మేడమ్ ఇది? సాయం చేద్దామని పోతే మీ పిల్లకాయలు నన్ను అవమానం చేసినారు! బోర్డు మీద రాయను మొదలుపెట్టినానో లేదో, ఒక్కొక్కరే కండ్లు మూసుకున్నారు. బల్ల తట్టినా తెరవలేదు. నేను తుడిచేసి పక్కకొచ్చి నిలబడితే గానీ ఎవురూ పెన్ను ముట్టలేదు. ఇదేనా మీరు నేర్పించేది?"

నేను నేర్పలేదు. సెలవుల్లో రేష్మ హాస్టలుకు వచ్చి వాళ్లతో గంటలకొద్దీ మాట్లాడిందని తరవాత తెలిసింది. నాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదు. వినకూడదనుకుంటే చెవిటి పిల్లలకు కళ్లు మూసుకోవడమొక్కటే దారి. అందరూ కలిసి ఆ దారి పట్టారు.

ఆ ఏడు లెక్కల్లో కొందరు ఫెయిలయ్యారు. ఎప్పుడూ లేనిది. ట్రస్టువాళ్లు సంజాయిషీ అడిగారు. మునిరత్నం సారు నన్ను పిలిపించారు. గదిలో ఫెయిలైన గిరి అనే పిల్లవాడు నిలబడి ఉన్నాడు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి, నటన కాదు.

"సూడమ్మా, ఈ బిడ్డ గతి. నీ పట్టుదలకు వీడు బలైనాడు. బోర్డు సూసి రాసుకోనుంటే పాసయ్యేవాడా లేదా, నువ్వే అడుగు."

ఆయన అన్నది అన్నట్టుగా గిరిని చేతులతో అడిగాను. వాడు ఆయన వైపు చూశాడు, నా వైపు చూశాడు. నింపాదిగా జవాబు చెప్పాడు.

"ఏమంటా ఉండాడు?" అన్నారు మునిరత్నం సారు.

"అప్పుడు పాసయ్యేది మీరంట సార్. వాడు కాదంట."

గిరి ఆ వేసవంతా నా దగ్గర కూర్చుని చదివి సప్లిమెంటరీ రాశాడు. అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. అన్నీ వాడి మార్కులే.